మూడడుగుల నడవ

మరాఠీ మగ్గాల ఊళ్లో, ధామన్కర్ నాకా దగ్గర, ఇళ్లు కట్టించే రూపేష్ సేఠ్ ఆఫీసులో పదిహేనేళ్లుగా ఇతరుల ఆలోచనలకు గీతలు గీస్తున్న సంపత్‌కు, మొదటిసారి తన ఆలోచనతో గీసే అవకాశం వచ్చింది. కనేరి అవతల మగ్గాల షెడ్లు తీసేసిన జాగాలో రెండు భవనాలు, నలభై ఇళ్లు. మునిసిపాలిటీ మంజూరు చేస్తే అది అతని ప్లాను. మూడోసారీ వెనక్కొస్తే పని పక్క బల్ల మీద గీసే పంకజ్‌కు పోతుంది. రెండుసార్లు ఇప్పటికే వెనక్కొచ్చింది.

రెండుసార్లూ తప్పు ఒకటే. ఇళ్ల ముందు నడవ వెడల్పు ఐదడుగులు ఉండాలి. సంపత్ మొదట మూడు గీశాడు. నిబంధన తెలియక కాదు. ఐదు అన్నవాడి దగ్గర మూడుతో మొదలుపెట్టకపోతే అతనికి మర్యాద తప్పినట్టు ఉంటుంది. రెండోసారి పెద్దమనసు చేసుకుని ఆరంగుళాలు కలిపాడు. ఆ త్యాగం ఎవరి కంటా పడలేదు.

"ఐదంటే ఐదు. ఇది కూరగాయల బేరమా?" అంది ప్లాన్లు చూసే దీపాలి మేడమ్, మరాఠీలో.

సంపత్ మనస్తత్వశాస్త్రం పుస్తకాలు చదివినవాడు. మనుషులతో మాట్లాడటం తక్కువ కాబట్టి వాళ్లను విశ్లేషించే తీరిక ఎక్కువ. మునిసిపాలిటీ మెట్లు దిగేలోపే మేడమ్ జబ్బు కనిపెట్టేశాడు. చిన్నప్పుడు ఇరుకింట్లో పెరిగి ఉంటుంది. ఆ భయాన్ని ఇప్పుడు ఊరందరి మీదా రుద్దుతోంది. రోగనిర్ణయం అంత బాగా కుదిరినందుకు తనను తాను మెచ్చుకుని ఒక వడాపావ్ తినిపించుకున్నాడు.

ఎవరికైనా చెప్పకపోతే ఆగేలా లేదు. కామత్‌ఘర్‌లో మేనమామ ఆగయ్య షెడ్డుకు పోయాడు. కరెంటు లేక మగ్గాలన్నీ ఆగి ఉన్నాయి. చివరి మగ్గానికి నూనె వేస్తున్న మామ దగ్గరికి వరసల మధ్య నుంచి నడిచాడు.

"ఆ మేడమ్ బుర్రనే ఇరుకు మామా."

"ఆమె బుర్ర సంగతి నాకు తెల్వది గని, నువ్వెందుకు గట్ల అడ్డంగ నడుస్తున్నవ్ అల్లుడా? మగ్గాలు బందున్నయ్ గద, నిన్నేం గుంజుకపోవు."

సంపత్ తన ఒళ్లు చూసుకున్నాడు. పొట్ట లోపలికి పీల్చి, చేతులు దగ్గరికి ముడిచి, ఒక భుజం ముందుకు పెట్టి ఉన్నాడు.

"రోడ్డు మీద గూడ గిట్లనే పోతవ్. మీ అమ్మ గూడ అంతే. మనోళ్లంత అంతే."

సంపత్ జేబులోంచి టేపు తీసి, చిన్నప్పటి నుంచి తను నడిచిన ఆ వరసల మధ్య కొలిచాడు. సరిగ్గా మూడడుగులు. ఇరుకులో పెరిగిన రోగి ఎవరో తేలిపోయింది. ఇన్నేళ్ల చదువుకు దొరకని జబ్బును, ఏడో తరగతి దాటని మామ నూనె డబ్బా పట్టుకునే పట్టేశాడు.

"ఏందిరా, షెడ్డు అమ్ముతున్ననని ఎవరన్న చెప్పిన్రా? కొలుస్తున్నవ్?"

"నన్ను కొలుసుకుంటున్న మామా."

"అయితే టేపు ఇంకింత గుంజు. పొట్ట పెరిగింది."

మర్నాడు ఆఫీసులో ఈసారి ఐదే గీస్తానంటే, మగ్గాలవాళ్ల తెలుగు పట్టుబడిన రూపేష్ సేఠ్ చిరాకుపడ్డాడు. "నడవకు రెండడుగులు వోతే హాలు చిన్నగైతది. నీతోని కాదు తియ్. పంకజ్ చేస్తడు."

"పంకజ్ పుస్తకం చూసి ఐదు గీస్తడు సేఠ్. నేను మా అమ్మను చూసి గీస్త."

ఇంత మంచి వాక్యం తన నోట్లోంచే వచ్చిందా అని సంపత్‌కు అనుమానం కలిగింది. సేఠ్‌కూ కలిగినట్టుంది. "సరే, రేపటి దాంక టైమ్" అన్నాడు.

కంప్యూటర్ మీద ఐదడుగులు మైదానంలా కనిపించాయి. చేయి దానంతటదే గీతలను దగ్గరికి జరుపుతోంది. దాన్ని ఆపడానికి నడవలో పైనుంచి చూసినట్టు ఇద్దరు ఆడవాళ్లను గీశాడు. అమ్మ, భార్య కళ. కామత్‌ఘర్ గల్లీలో ఆ ఇద్దరూ పక్కపక్కన నడవడం పెళ్లైన పన్నెండేళ్లలో అతను చూడలేదు. ఒకరి వెనక ఒకరు నడుస్తూ, ముందున్న వాళ్ల వీపుతోనే పోట్లాడుకుంటారు. ఇప్పుడు నడవను తగ్గిస్తే ఎవరో ఒకరు వెనకబడాలి. చేయి ఆగింది.

మర్నాడు మునిసిపాలిటీలో దీపాలి మేడమ్ స్కేలు పెట్టి చూసింది. "ఐదు" అంది. పెన్సిల్ ముందుకు పోయి ఆగింది. "వీళ్లెవరు?"

సంపత్ గొంతు సవరించుకున్నాడు. "అది మేడమ్, మనిషి మనసులో స్థలం అనేది..."

"మంజూరు కాగితంలో మనుషులుండరు" అని ఎర్ర పెన్సిల్‌తో ఇద్దరినీ కొట్టేసి, కింద సంతకం పెట్టి, ముద్ర వేసి, తర్వాతి వాళ్లను పిలిచింది.

మిగతా ఉపన్యాసం మింగేసి సంపత్ కాగితం అందుకున్నాడు. ఎర్ర గీతల కింద నడవ ఐదడుగులే ఉంది.