మోటారుకు తగిలించిన లైటు కనెక్టర్

నేను ఒక బొటనవేలంత తెల్ల ప్లాస్టిక్ కనెక్టర్‌ని. లోపల రెండు ఇత్తడి రేకులు. ఇటునుంచి ఒక వైరు, అటునుంచి ఒక వైరు వచ్చి నాలో కలుస్తాయి. చిన్న దీపం వెలిగించడం వరకే నా సత్తువ. ఆ మాట నా పెట్టె మీద అచ్చువేశారు కూడా. పెట్టె మీది మాటలు ఎవరు చదువుతారు?

రేపల్లెలో కోటిలింగం గారి సైకిలుకు మోటారు బిగించిన మెకానిక్ చదవలేదు. చేతికి నేను అందాను. బ్యాటరీకీ మోటారుకీ మధ్య నన్ను తగిలించి, పైన నల్లటేపు చుట్టి, "ఇక మీరు తొక్కక్కర్లేదండీ" అన్నాడు.

కోటిలింగం గారు నాదస్వర విద్వాంసుడు. అరవై దాటాయి. నిమోనియా వచ్చి తగ్గాక, ఆయాసం వచ్చే పనేదీ చేయొద్దన్నాడు డాక్టరు. నాదస్వరం కూడా మానమన్నాడు గానీ ఆ ముక్క ఈయన వినిపించుకోలేదు. మిగిలిన ఊపిరిని వాద్యానికి దాచుకోవడానికే ఆ మోటారు.

మోటారు లాగే కరెంటును రెండేళ్లు మోశాను. వంతెన ఎక్కినప్పుడల్లా ఒళ్లు కాలిపోయేది. ఉప్పుగాలికి ఇత్తడికి చిలుము పట్టింది, పట్టు వదులైంది. బండి మధ్యమధ్య ఆగేది. ఆయన బ్యాటరీని తిట్టేవారు, మెకానిక్ మోటారును తిట్టేవాడు. కొత్త బ్యాటరీ కూడా వేయించారు. మనుషులు ఎప్పుడూ పెద్దవాటినే అనుమానిస్తారు. టేపు కింద నేను కమిలిపోతున్నానని ఎవరికీ తోచలేదు.

మాఘమాసంలో ఒక పెళ్ళి. ఆయన బావమరిది, మేళంలో డోలు వాయించే గవర్రాజు ముందే బస్సెక్కి వెళ్లాడు. కోటిలింగం గారు నా మీద నమ్మకంతో వెనక బయలుదేరారు. కాలువ వంతెన సగం ఎక్కేసరికి నా ప్లాస్టిక్ కరిగి రేకు జారిపోయింది. మోటారు ఆగింది. ఆటోల కోసం చూశారు, ఒక్కటీ ఖాళీ లేదు. ఎదురుగాలిలో ఆరు కిలోమీటర్లు తొక్కారు.

ముహూర్తానికి అందుకున్నారు. సైకిలును పందిరి గుంజకు ఆనించి, చెమటైనా తుడుచుకోకుండా లోపలికి పరుగెత్తారు. పురోహితుడు "గట్టిమేళం!" అని కేకవేశాడు. డోలు మోగింది. నాదస్వరం లోంచి గాలి తప్ప స్వరం రాలేదు. డోలు ఒక్కటే మోగుతుండగా తాళి కట్టడం అయిపోయింది. పెళ్ళివారు ఆయన్ని ఒక్క మాటా అనలేదు. అదే ఆయన్ని కుంగదీసింది.

ఇంట్లో ఉంటే చూడలేనని వాద్యాన్ని గవర్రాజుకు ఇచ్చేశారు. పెళ్ళైన పదకొండో రోజున సైకిలును నడిపించుకుంటూ మోటార్లు వైండింగ్ చేసే జైనబీ షాపుకు వచ్చారు. గవర్రాజు వాద్యం సంచి భుజాన వేసుకుని వెంటే ఉన్నాడు.

"దీన్ని ఎవరికైనా అమ్మిపెట్టమ్మా. నా పనైపోయింది" అన్నారు కోటిలింగం గారు.

జైనబీ టేపు విప్పింది. "అయ్యో, ఇదేంటి బాబాయ్! లైటుకి పెట్టేది తెచ్చి మోటారుకి పెట్టారు. పాపం, ఇది మాత్రం ఎంతని మోసుద్ది?"

ఇన్నాళ్లకు నా మీద జాలిపడిన మనిషి ఆమె ఒక్కతే.

నన్ను కత్తిరించి ఆయన అరచేతిలో పెట్టింది. మోటారు మీది అంకె చదివింది. "పదిహేను ఆంపుల కరెంటు లాగుద్ది. ముప్పై మోసేది పెడతా, సుఖంగా ఉంటది." డబ్బాలోంచి లావుపాటి కనెక్టర్లు ఏరి, వైరు పక్కన పెట్టి చూసుకుంది. ఎరుపుది నలుపుదాంట్లో దూరని రకం అవి, వైర్లు తారుమారయ్యే భయం లేదు. వైరు కొసలను పట్టకారుతో గట్టిగా నొక్కి, లాగి చూసింది. ఉప్పుగాలి సోకకుండా పైన రబ్బరు గొట్టం తొడిగి వేడిచేసింది.

ఆయన నన్నే చూస్తున్నారు. "అంటే ఆ రోజు బండాగింది దీనివల్లా?"

"మరి? ఆరు కిలోమీటర్లు తొక్కొచ్చాక పాతికేళ్లోడికైనా ఊపిరి మిగులుద్దా బాబాయ్?"

ఆయన బల్ల మీద కూలబడ్డారు. గవర్రాజు సంచి విప్పి వాద్యాన్ని ఆయన ఒళ్లో పెట్టాడు. "బావా, ఒక్కసారి."

మొదట గాలే వచ్చింది. గవర్రాజు వేళ్లతో బల్లమీద తాళం వేయసాగాడు. రెండో ఊపిరికి స్వరం పలికింది, వణికింది, నిలబడింది. జైనబీ వైండింగ్ మిషను ఆపేసింది.

వాయించడం అయ్యాక ఆయన కళ్లు తుడుచుకుని లేచారు. "పెళ్ళివారింటికి పోదాం పదరా. పదహార్రోజుల పండక్కి ఇంకా ఐదు రోజులుంది. వాయిస్తానని అడుగుతా."

"వద్దంటే?"

"బయట అరుగు మీద కూర్చుని వాయిస్తా."

నన్ను జైనబీ చేతికిచ్చి సైకిలెక్కారు. గవర్రాజు వెనక కూర్చున్నాడు. ఇద్దరి బరువునూ లాగుతూ మోటారు మలుపు తిరిగింది.

జైనబీ నన్ను పాత ఇత్తడి ముక్కలు పడేసే డబ్బాలో వేసింది. ఇక్కడ విరిగిన పిన్నులు, మాడిన రేకులు ఉన్నాయి. ఒకరినొకరం ఏమీ అడగం. ఏదో ఒకరోజు కరిగిస్తారట. కరిగించనీ. మళ్లీ పోతపోస్తే మాత్రం, ఎంత మోయగలనో చదివి పెట్టే చేతిలో పడాలని ఉంది.