పడవ ఇంజను పెట్టిన వ్యాను

నేను ఒక పాత వ్యానును. నా ఒళ్లు ఒకచోట పుట్టింది, గుండె ఇంకోచోట పుట్టింది. మనుషుల్లో ఇలాంటి పుట్టుక ఉందో లేదో నాకు తెలియదు.

కార్ఖానా నుంచి రాగానే విశాఖలో రొట్టెల బట్టీవాళ్లు నన్ను కొన్నారు. పదేళ్లు రొట్టెలు మోశాను. ఒక వేసవిలో డ్రైవరు రేడియేటరులో నీళ్లు పొయ్యడం మరిచాడు. తను మాత్రం ఆ పూట మూడు సోడాలు తాగాడు. నా ఇంజను బిగుసుకుపోయింది.

తుప్పు పడుతున్న నన్ను కొత్తవలస సుదర్శనం మాస్టారు కొనుక్కున్నారు. బడిలో బొమ్మలు గీయడం నేర్పి రిటైరైన మనిషి. వెనక మంచం, గ్యాసు పొయ్యి, నీళ్ల డ్రమ్ము పెట్టించి నన్ను ఇల్లు చేశారు. ఇంజను మాత్రం హార్బరులో విడగొట్టిన చేపల పడవది తెచ్చి బిగించారు. సముద్రం మీద తిరిగిన గుండె నాలో మొదటిసారి కొట్టుకున్నప్పుడు నా తలుపులన్నీ వణికాయి. అది భయమో భక్తో చెప్పలేను.

ఇప్పుడు మాస్టారికి చూపు తగ్గింది. నన్ను అమ్ముతానన్నారు.

చూడ్డానికి వచ్చింది తేనెటీగలు పెంచే మొగుడూ పెళ్లాలు, పోలినాయుడూ అప్పలకొండా. పూత ఎక్కడుంటే ఈగల పెట్టెలు అక్కడికి మోసుకెళ్లి, పూత అయ్యేదాకా అక్కడే ఉండే బతుకు. ఇప్పుడు అరకు చేలల్లో పసుపుపచ్చటి వలిసెపూలు విచ్చాయి. కిందటేడు అద్దెబండి ఘాటీలో ఆగిపోయి, ఎండెక్కి, మూసిన పెట్టెల్లోనే సగం ఈగలు ఉడికి చచ్చాయి. ఆ సంగతి చెప్పేటప్పుడు అప్పలకొండ నేలవైపే చూసింది. ఈసారీ బండి ఆగితే వాళ్లకిక ఈగలుండవు.

వాళ్ల వెంట గవరయ్య మేస్త్రి వచ్చాడు. డెబ్బై ఏళ్లవాడు, మాటలు తక్కువ. ఇంజను మీది మూత ఎత్తి అరచెయ్యి ఆనించాడు. వెంటనే తీసేశాడు.

"ఏటి మాస్టారూ, కాల్తంది?"

"మీరొస్తున్నారని పొద్దున్నే ఓసారి నడిపి ఉంచానయ్యా. కిరసనాయిలుతో శుభ్రంగా కడిగించాను కూడా."

"కడిగీసి, కాగబెట్టీసి సూపిస్తే ఏటి తెలుస్తాది? నూనె కారీ సోటు కడుగులో పోనాది."

మాస్టారి మొహం చిన్నబోయింది. "చుట్టాలొస్తుంటే ఇల్లు ఊడ్చుకోమా? నేనూ అంతే."

"దొంగలూ ఊడుస్తారు బాబూ," అన్నాడు పోలినాయుడు.

"నువ్వూరుకో," అంది అప్పలకొండ.

పాపం, ఆయన మర్యాదే ఆయన మీదికి అనుమానం తెచ్చింది. మనుషులు నిజానికి కూడా ముస్తాబు చేస్తే గాని గుమ్మం దాటించరు.

గవరయ్య నా నీడలో తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు. "సల్లారనీ."

పొద్దు నడినెత్తి దాటింది. మూడోసారి చెయ్యి ఆనించి తల ఊపాడు. "ఇప్పుడు తిప్పు."

పోలినాయుడు తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకే పడవ ఇంజను లేచింది. ఒకసారి నల్లగా దగ్గి తేటపడింది. గవరయ్య పెద్ద స్క్రూడ్రైవరు మొనను ఇంజనుకీ, పిడిని చెవికీ ఆనించి కళ్లు మూసుకున్నాడు. నన్ను నడిపినవాళ్లున్నారు, తిట్టినవాళ్లున్నారు, తన్నినవాళ్లూ ఉన్నారు. విన్నవాడు ఇతనొక్కడే. ఇన్నేళ్లూ నాలోనే ఉండి నాకు తెలియని చప్పుళ్లు ఆ ముసలి చెవి ఏరుకుంటోంది. ఉన్నచోటే నిలబడటం తప్ప నాకేమీ చేతకాలేదు.

"గొప్పింజను," అన్నాడు.

పోలినాయుడు నవ్వబోయాడు. అప్పటికే ఇంజను ఆపించి, గవరయ్య సుత్తి పట్టుకుని నా కిందికి దూరి, నా ఒంటినంతా మోసే ఇనప చట్టాన్ని తట్టాడు.

టంగ్. టంగ్. ఇంజను కూర్చున్న చోట మాత్రం, టక్.

అక్కడ మట్టి గీకి, కిరసనాయిలు పూసి, తుడిచి, సుద్ద రుద్దాడు. కాసేపటికి తెల్లటి సుద్దలో వెంట్రుకంత తడిగీత తేలింది.

"ఇంజను ఏనుగుది, సట్టం మేకది. ఇరుగుతంది."

మాస్టారు మెట్టు మీద కూలబడ్డారు. "దీని మీదే మా ఆవిణ్ణి ఆరుసార్లు అరకు తిప్పానయ్యా! నాకు తెలీదు." ఆ గొంతు విన్నాక ఆయన్నెవరూ అనుమానించలేదు.

అప్పలకొండ కొంగు బిగించి తనూ కిందికి దూరింది. గీతను వేలితో తడిమింది. "బాగౌతాదా మావా?"

"పగులు కొసల్లో సిల్లులు పొడవాల. పైన పలకేసి అతకాల. మూడ్రోజులు."

"పగిలిందానికి మల్లీ సిల్లులేటి?" అన్నాడు పోలినాయుడు.

"సిల్లు గుండ్రంగుంటాది. పగులు అక్కడికొచ్చి, ఎటెల్లాలో తెలీక ఆగిపోద్ది."

ఇనుముకు కూడా దారి తప్పించి బతికించవచ్చునని నాకు ఆ రోజే తెలిసింది.

"మూడ్రోజులంటే మంచి పూత పోద్దే," అన్నాడు పోలినాయుడు.

"పోతే పోనీ. ఈగలు పోతే ఇంకే పూతకెల్తాం?" అని ఆమె గవరయ్య వైపు తిరిగింది. "నమ్మమంటావా మావా?"

గవరయ్య చేతులు తుడుచుకున్నాడు. "పెట్టెల్తో పాటు నానూ కూకుంటాను."

మాస్టారి చేతిలో డబ్బు పెట్టి, అతికిన మర్నాడు చీకటి పడ్డాక మంచం మడిచి పెట్టెలు పేర్చి అరకు బయల్దేరారు. వెనక వేల రెక్కల హోరు, ముందు సముద్రపు ఇంజను హోరు. మలుపు మలుపుకీ రెండూ ఒకటే పాటయ్యాయి. నేను ఎక్కుతున్నానా, నన్నెవరైనా ఎత్తుకెళ్తున్నారా అనిపించింది. తెల్లారేసరికి లోయంతా పసుపుపచ్చగా పరుచుకుని ఉంది.

అప్పలకొండ ఒక్కో పెట్టెకూ చెవి ఆనించి, మూతులు తెరిచింది. బతికున్నాయి, అన్నీ. బయటికొచ్చిన ఈగలు పూలకు వెళ్లకుండా ముందు నా వెచ్చటి మూతి మీద వాలాయి. గుంపులు గుంపులుగా పాకుతూ ప్రతి సందులోకీ తొంగి చూశాయి. పోలినాయుడు తువ్వాలు ఎత్తబోయాడు.

"ఉండనీరా," అన్నాడు గవరయ్య. "అవీ బండి సూసుకుంతన్నాయి."