ఒక కొట్టుకు ఒకే పేరు

రాలిత్సాకు నెమ్మదితనమంటే గిట్టదు. కాఫీ మిషను ముందు కూడా కుదురుగా నిలబడలేదు. ప్లోవ్‌దివ్ నగరంలోని రంగుల కంపెనీ తన డ్యాష్‌బోర్డును ఆమె చేతిలో పెట్టింది. మేనేజరు పేరు ఎంచుకుంటే అతని అమ్మకాలు తెరమీదికి రావాలి. వచ్చేవి, కాకపోతే చూసేవాడి ఓపిక చచ్చాక వచ్చేవి.

"ఏమ్మా, ఇది తిరిగేలోపు బానిత్సా రొట్టె తిని చేతులు కూడా కడుక్కొచ్చాను," అన్నాడు కొత్త డైరెక్టరు క్రస్తెవ్.

రాలిత్సా ప్రోగ్రాము లోపల చూసింది. ఏ కొట్టును ఎవరు ఎప్పటినుంచి ఎప్పటిదాకా చూశారో చెప్పే పట్టిక ఒకటి మధ్యలో ఉంది. ప్రతి బిల్లూ ఆ తేదీలతో సరిచూసుకుని గానీ కదలదు. ఆమె ఆ పట్టికను దారిలోంచి పక్కకు నెట్టేసి, ప్రతి కొట్టు పక్కనా ఇప్పటి మేనేజరు పేరు పెట్టేసింది. ఒక కొట్టుకు ఒకే పేరు. ఇక నొక్కడమే ఆలస్యం, అంకెలు ప్రత్యక్షం.

క్రస్తెవ్, ఔననేటప్పుడు అక్కడివాళ్ళంతా ఊపినట్టే తల అడ్డంగా ఊపుతూ, "ఔనౌను, పనంటే ఇదీ!" అన్నాడు.

రుసే ఊళ్ళోని కంపెనీ కొట్టును ఏళ్ళతరబడి నిలబెట్టిన మనిషి వంగెల్. చదువుకునే రోజుల్లో రాలిత్సా సెలవులకు అక్కడే డబ్బాలు సర్దేది. రంగులు కలపడం నేర్పింది ఆయనే. మూతపడబోతున్న విదిన్ కొట్టును ఎలాగైనా లేపమని కంపెనీయే బతిమాలి, ఆ ఏడాది వసంతంలోనే ఆయన్ని అక్కడికి పంపింది. అప్పటికి క్రస్తెవ్ ఇంకా రాలేదు.

శరదృతువులో ఒకరోజు క్రస్తెవే నవ్వుతూ చెప్పాడు. "నీ డ్యాష్‌బోర్డు పుణ్యమా అని దొరికాడమ్మా, విదిన్ ముసలాయన! ఎన్నేళ్ళనుంచి ముంచుతున్నాడో. పోయిన వారమే ఇంటికి పంపేశాం."

రాలిత్సా అడ్డొచ్చింది. "ఆ నష్టాలు ఆయనవి కావండీ! ఆయన రాకముందువి. నేనే అన్నీ తెచ్చి ఆయన పేరున పడేశాను."

"అయ్యో. ఆ చోట్లోకి వేరేవాళ్ళు వచ్చేశారే... సరే, సరిచెయ్యి. స్పీడు మాత్రం తగ్గకూడదు."

ఆమె వంగెల్‌కు ఫోన్ చేసి అంతా చెప్పింది. చెబుతూ ఏడ్చింది.

"నేనొచ్చిందే వసంతంలో అయ్యా అని మొత్తుకున్నాను తల్లీ. మిషను అబద్ధమాడుతుందా అన్నారు."

"మళ్ళీ పిలిపిస్తాను బాబాయ్. గొడవ పెడతాను."

"వద్దు. పిలిచినా రాను." ఆపైన అడిగాడు, "గోడకి రంగు వేసేముందు ఏం చెయ్యమన్నాను నీకు?"

"ఓ మూల కాస్త పూసి, ఆరేదాకా ఆగి చూడమన్నావు."

"ఆగావా మరి?"

ఫోన్ పెట్టేశాక రాలిత్సా ఆ తేదీల పట్టికను మళ్ళీ తెరిచింది.

ఈసారి ఆమె బిల్లు లోపలికి వచ్చేటప్పుడే ఆ నాటి మేనేజరు ఎవరో దానికి తగిలించేసింది. నొక్కాక వెతికే పనే లేదు. వేగం ఇసుమంత కూడా తగ్గలేదు. మొదట్లోనే ఇలా చేసి ఉండొచ్చు, ఎవరూ కాదనలేదు. అదే ఆమెను తినేసింది.

వంగెల్ పేరు నొక్కింది. రుసే మంచి రోజులన్నీ ఆయన దగ్గరికి తిరిగొచ్చాయి. విదిన్‌లో వసంతం నుంచి అమ్మకాల గీత మెల్లగా పైకి లేస్తోంది.

తేదీల పట్టికలో, విదిన్ వరుసలో, ఆయన పేరుకు ఎదురుగా 'ఎప్పటిదాకా' అన్న గడి ఇంకా ఖాళీగా ఉంది. పనిలో ఉన్నవాళ్ళకే అది ఖాళీగా ఉంటుంది. రాలిత్సా చాలాసేపు ఏమీ నొక్కకుండా కూర్చుంది. ఆ తర్వాత ఆయన్ని ఇంటికి పంపేసిన తేదీ తనే వేసింది.