తాతబ్బాయి బావ చేతిలో బంతి

నున్నటి చెక్కబాట మీద నిలబడి ఉన్నాను, ఫోన్లో మేమాడే బౌలింగ్ ఆటలోని బాటే అది, కానీ రెండు పక్కలా కొబ్బరి పీచు డొక్కలు గుట్టలుగా పడి ఉన్నాయి, ఆ చివర బంతితో పడగొట్టాల్సిన పది తెల్లటి పిన్నులూ కూలికి పిలుస్తారేమోనని చూసేవాళ్లలాగా మా వంకే చూస్తున్నాయి, ఈ చివర గీత దగ్గర మా అక్క మొగుడు తాతబ్బాయి బావ బంతి పట్టుకుని, వంగినవాడు వంగినట్టే, వెయ్యకుండా ఉన్నాడు. చనిపోయినవాడని నాకు తెలుసు. ఆ మాట ఎత్తడం మర్యాద కాదని ఊరుకుంటాను.

"వచ్చావా బామ్మర్దీ. నడుం పడిపోతంది," అంటాడు.

"వెయ్యి మరి. వంతు నీదేగా."

"నువ్వు నన్నొదిలితేగా వెయ్యడానికి."

ఇద్దరం ఒకే కొట్లో, నేలలో పాతిన పక్కపక్క గునపాల మీద కొబ్బరికాయలు వలిచినవాళ్లం. ఆయన కాకినాడలో కూతురింటికి వెళ్లిపోయాక ఆ పిల్లే మా ఇద్దరి ఫోన్లలో ఈ ఆట ఎక్కించింది, ఫోన్లో మాట్లాడడం నాకు చేతకాదు గనక ఆయనో బంతి, నేనో బంతి, అదే మా పలకరింపు. ఆయన పోవడంతో ఆయన వంతు దగ్గరే ఆట ఆగిపోయింది. "ఎర్ర బటన్ నొక్కితే గెలుపు నీకే ఇచ్చేస్తాది మావయ్యా, నాన్న బొమ్మ మాత్రం పోద్ది," అంది మేనకోడలు. నేను నొక్కలేదు.

బంతి వంక చూస్తే అది బంతి కాదు, వలిచిన కొబ్బరికాయ, మూడు కళ్ల మీదా పీచు జుట్టు అలాగే ఉంది.

"జుట్టు పీకు. వేళ్లు దూరట్లేదు," అంటాడు బావ.

"పీకితే కాయ నిలవుండదు. నీకు తెలీదా?"

బావ నవ్వుతాడు. "నన్ను నిలవ పెడతావేంట్రా? మూగోడివే అనుకున్నాను, పిసినారివి కూడానా?"

బాట కాలవ నీళ్లలాగా మెల్లగా కదులుతోంది, పిన్నులు దూరం జరిగిపోతున్నాయి, "మరి రేపట్నించి నేనెవరితో ఆడను బావా?" అంటాను, ఆయన బతికుండగా అంత మాట ఎప్పుడూ అన్లేదు. ఆయన కాయ నా ముందుకు చాపుతాడు, నేను జుట్టు పీకి, మూడు కళ్లలో మూడు వేళ్లూ పెట్టి అందుకుంటాను, ఎంత బరువో అది. బావ నడుం నిఠారు చేసుకుని, డొక్కల మీద కూలబడి, "అమ్మయ్య" అంటాడు.

మెలకువ వచ్చింది. మధ్యాహ్నపు ఎండ మంచం దాకా పాకింది. ఫోను గుండెల మీదే ఉంది, అందులో బావ బొమ్మ, వెయ్యని బంతి. కుడిచెయ్యి తిమ్మిరెక్కి మూడు వేళ్లు వంగిపోయి ఉన్నాయి, చాపుదామన్నా రావడం లేదు.

ఎడమ చేత్తో ఎర్ర బటన్ నొక్కాను.