దయకు మార్కులు

అత్తగారి ఎడమ చెయ్యి పైకెత్తి చంకలో సబ్బు రాస్తుండగా ముందుగదిలోంచి స్టీవెన్ కేకేశాడు. "రోజీ, అమ్మ స్నానం అయిపోతే నాకు టిఫిను పెట్టెయ్. బ్యాంకుకి టైమైపోతోంది."

'అయిపోతే' అన్న ఆ మాట విన్నప్పుడల్లా రోజలిన్‌కి నవ్వొచ్చేది. వాన వెలిసిపోయినట్టు, ఎండ తగ్గిపోయినట్టు, ఆ ఇంట్లో స్నానాలు వాటంతటవే అయిపోతుంటాయి. అన్నాలు ఉడికిపోతుంటాయి, తడిసిన పక్కబట్టలు ఉతుక్కుని ఆరేసుకుంటుంటాయి. పక్షవాతంతో సువార్తమ్మ మంచం పట్టిన నాటి నుంచీ అంతే. అలాగని స్టీవెన్ చెడ్డవాడేం కాదు. తల్లంటే ప్రాణం. సాయంత్రం మంచం పక్కన కూచుని బైబిలు చదివి వినిపిస్తాడు, నుదుటి మీద ముద్దు పెడతాడు. చదువుతుండగా పక్క తడిస్తే మాత్రం లేచి దూరంగా నిలబడి, గుమ్మం వైపు చూస్తాడు. ఒకసారి కాస్త చెయ్యి వెయ్యమంటే, "నాకివన్నీ చేతకావు రోజీ. నువ్వంటే డాక్టరువి" అన్నాడు. అత్తగారికి స్నానం చేయించడం ఎంబీబీఎస్‌లో ఏ సంవత్సరం చెప్తారో అతనికి తెలుసేమో, చదివిన రోజలిన్‌కి మాత్రం తెలీదు.

"మెల్లిగా ఎత్తవే. భుజం ఊడొచ్చేత్తాది" అంది సువార్తమ్మ. మిషను హాస్టల్లో వందమంది పిల్లలకి వండి పెట్టిన మనిషి. నోరు వంకరపోయినా మాటకి పదును పోలేదు.

"ఊడదులెండి అత్తయ్యా" అని రోజలిన్ విసుక్కుంది. విసుక్కున్నందుకు తనని తానే తిట్టుకుంది. ఈ రెండూ కలిస్తేనే ఆమెకి తెల్లారినట్టు.

స్టీవెన్‌కి ఇడ్లీలు పెట్టి, అత్తగారి దగ్గర ఉండే కాసులమ్మ రాగానే చీర మార్చుకుని, బెల్లం బస్తాల లారీల మధ్యనుంచి రోడ్డు దాటి డ్యూటీకి పరిగెత్తింది. రోజలిన్ విశాఖపట్నంలోని ఒక మెడికల్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసరు. కాలేజీ వాళ్ళ ఆరోగ్య శిక్షణ కేంద్రం అనకాపల్లిలో ఉంది. విద్యార్థులు జట్లు జట్లుగా అక్కడికొచ్చి ఊళ్ళు తిరిగి, ఇళ్ళకి వెళ్ళి, జనం ఎలా బతుకుతున్నారో చూసి పోతుంటారు. వాళ్ళని తిప్పడం ఆమె పని.

ఆ ఏడాది ప్రొఫెసరు గారికి ఒక ఆలోచన వచ్చింది. ముసలివాళ్ళ మీద మెడికల్ విద్యార్థులకి ఎలాంటి అభిప్రాయం ఉందో కొలవాలని. 'ముసలివాళ్ళ కబుర్లు వినడం నాకు ఇష్టం', 'ముసలివాళ్ళ వల్ల ఇంటికి కళ', 'ముసలివాళ్ళ పక్కన ఉంటే విసుగొస్తుంది' ఇలాంటి వాక్యాలు కొన్ని ఇచ్చి, ఒప్పుకుంటారా, ఒప్పుకోరా అని అడిగి, జవాబులకి మార్కులు వెయ్యాలి. మార్కులు ఎక్కువొస్తే దయ ఎక్కువున్నట్టు. ఆలోచన ప్రొఫెసరు గారిది. వాక్యాలు కూర్చింది, జిరాక్సులు తీయించింది, పిల్లల చేత రాయించింది, రాత్రి అంట్లు తోమాక భోజనాల బల్ల మీద కూడికలు వేసింది రోజలిన్. వ్యాసం మీద ముందు ఆయన పేరు, కింద ఈమె పేరు. ఆ కింద పేరు ఉంటేనే ఈమెకి ప్రమోషను.

ఫలితాలు పంపిన మర్నాడే ప్రొఫెసరు గారు ఫోను చేశారు. గొంతులో పండగ.

"చూశావా అమ్మా! అబ్బాయిల కన్నా అమ్మాయిలకే తక్కువ వచ్చాయి. ఆడపిల్లల్లో దయ తగ్గిపోతోంది! ఇదే మన పేపరుకి ప్రాణం. అందరికన్నా అడుగున ఎవరున్నారు?"

"సిరి అని, గొలుగొండ అమ్మాయి సర్."

"పిలిచి కాస్త బుద్ధి చెప్పు. శనివారం నేనొచ్చి ఆడపిల్లలందరితో మాట్లాడతాను."

ఫోను పెట్టేశాక రోజలిన్ ఆ కాగితాలు మళ్ళీ ముందేసుకుంది. కూడికలు వేసినప్పుడే తనకీ మనసు చివుక్కుమంది. ఇంత చదువుకున్న పిల్లలు, రేపు డాక్టర్లయ్యేవాళ్ళు, ఇంత రాతిగుండెలేమిటి అనుకుంది కూడా. నిజం చెప్పాలంటే ఆ పిల్లల మీద ప్రొఫెసరు గారి కన్నా ముందు ఈమెకే కోపం వచ్చింది. తనకెందుకంత కోపం వచ్చిందో మాత్రం ఆలోచించుకోలేదు.

మర్నాడు రోజలిన్ సిరి ఉన్న జట్టుని తీసుకుని కశింకోటలో ఒక ఇంటికి వెళ్ళింది. మరిడమ్మ అనే ముసలామె ఇల్లది. తుంటి విరిగి మంచానికే అతుక్కుపోయింది. కోడలు చెరకు నరకడానికి వెళ్ళింది. జట్టులో అందరికన్నా ఎక్కువ మార్కులొచ్చిన అరుణ్ కుమార్ మంచం పక్కన నేల మీదే చతికిలబడి, "బామ్మగారూ, మీ పెళ్ళినాటి సంగతులు చెప్పండి" అన్నాడు. మరిడమ్మ మొహం విచ్చుకుంది. గుర్రబ్బండి కట్టించుకుని వచ్చిన పెళ్ళికొడుకు సగం దారిలో బండిలోంచి పడిపోయిన కథ చెప్పి పకపకా నవ్వింది. అబ్బాయి మంచివాడు, మార్కులు ఊరికే రాలేదు అనుకుంది రోజలిన్. అందులో అబద్ధం కూడా లేదు.

అంతలో వాసన వచ్చింది. మరిడమ్మ నవ్వు ఆపేసి గోడ వైపు తిరిగింది. అరుణ్ కుమార్ మెల్లిగా లేచి, ఎంతో మర్యాదగా, "మేడమ్, వాళ్ళింట్లో ఆడవాళ్ళెవరినైనా పిలిపిద్దామా?" అన్నాడు.

అప్పటిదాకా గుమ్మం దగ్గర ముభావంగా నిలబడ్డ సిరి తెల్లకోటు చేతులు పైకి మడిచింది. దండెం మీద పాతచీర ఒకటి లాగింది, కుండలోంచి నీళ్ళు ముంచింది. "మగాళ్ళు బయటికెళ్ళండి" అంది, అంతే. మోకాలితో మంచంపట్టెని ఆనుకుని, విరిగిన తుంటి కదలకుండా దిండు ఒకటి కాళ్ళ మధ్య పెట్టి, ముసలామెని తన వైపు దొర్లించుకుంది. తడిసిన బట్టని సగం దాకా చుట్టి, పొడిబట్ట సగం పరిచి, ఇటు దొర్లించి అటు లాగేసింది. తుడిచింది, ఆరబెట్టింది, పుండ్లు పడ్డాయేమోనని వీపంతా తడిమి చూసింది. ఆ కాసేపట్లో ఒక్కసారి కూడా మరిడమ్మ ఒళ్ళు పూర్తిగా బయటపడలేదు.

రోజలిన్ చూస్తూ ఉండిపోయింది. రోజూ తను చేసే పనే. కానీ ఈ పని ఎలా ఉంటుందో ఆమె ఏనాడూ చూడలేదు. చేసేవాళ్ళకి కనిపించదు కదా. ఎంత ఒడుపు, ఎంత బలం, ఎంత లెక్క! ఒక మనిషి బరువుని, నొప్పిని, సిగ్గుని మూడింటినీ ఒకేసారి మోయడం. ఆపరేషన్ థియేటర్లో పెద్ద పెద్ద సర్జన్ల పక్కన నిలబడినప్పుడు కూడా ఇంత ఆశ్చర్యం కలగలేదు.

"ఎవులింటి పిల్లవే తల్లీ? నీ సేతులికి తెలుసే" అంది మరిడమ్మ.

"తిన్నగా పడుకో మామ్మా" అంది సిరి. నవ్వలేదు.

తిరిగొచ్చేటప్పుడు షేర్ ఆటోలో రోజలిన్ ఆ పిల్ల పక్కనే కూచుంది. "ఆ కాగితంలో అలా రాశావేం సిరీ?" అంది.

సిరి బెదిరిపోయింది. "నిజం రాయమన్నారు కదా మేడమ్. మా నాయనమ్మ పడకేసినప్పుడు నేను ఎనిమిదో క్లాసు. అమ్మ పనికెళ్ళిపోయేది. నేనే అన్నీ చేసేదాన్ని. మా అన్న ఇంట్లోనే ఉండేవాడు, కానీ మగపిల్లాడు కదా. ఇంటర్ అయిపోయేదాకా సేసేను మేడమ్." మడిచిన కోటు చేతులు కిందికి దించుకుంది. "ముసలాళ్ళతో ఉండటం ఇష్టమా అంటే ఏటి రాయను? ఆవిడ పోయిన్రోజు అందరూ ఏడ్చేరు. నాకు నిద్రొచ్చింది."

రోజలిన్ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని అనకాపల్లి దాకా అలాగే కూచుంది.

శనివారం హాల్లో ఒక వైపు అమ్మాయిలు, ఇంకోవైపు అబ్బాయిలు కూచున్నారు. ప్రొఫెసరు గారు ముందు కుర్చీలో కాలు మీద కాలేసుకుని, "నువ్వు రెండు మాటలు చెప్పి మొదలుపెట్టమ్మా" అన్నారు. రోజలిన్ లేచింది. అనుకున్న రెండు మాటలూ పక్కన పెట్టి ఒక ప్రశ్న అడిగింది.

"ఇంట్లో ముసలివాళ్ళకి స్నానం చేయించి, పక్కబట్టలు మార్చినవాళ్ళు లేచి నిలబడండి. ఏదో ఒకపూట కాదు. రోజూ చేసినవాళ్ళు."

అబ్బాయిల వైపు ఎవరో కిసుక్కుమన్నారు. ముందు బెంచీలో కళ్ళజోడు పిల్ల ఒకతె అటూ ఇటూ చూసి లేచింది. దాని వెనక ఇద్దరు. బల్లలు కిర్రుమన్నాయి. ఒకరిని చూసి ఒకరు, చున్నీలు సర్దుకుంటూ, తప్పు చేసి దొరికినట్టు తలలు వంచుకుని లేస్తూనే ఉన్నారు. చివర్న సిరి లేచింది. ఆ వైపు కూచున్నవాళ్ళు ఇద్దరో ముగ్గురో మిగిలారు. అబ్బాయిల వైపు మొత్తం మీద అయ్యప్ప అనే తల్లి లేని పిల్లాడు ఒక్కడే నిలబడ్డాడు.

రోజలిన్ నిలబడ్డవాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూసింది. ఎంసెట్‌కి చదువుతూ, ఒళ్ళో పుస్తకం పెట్టుకుని గంజి తాగించిన పిల్లలు వీళ్ళు. రికార్డులు రాసుకుంటూ మధ్యలో లేచి దుప్పట్లు ఉతికిన పిల్లలు. అంత మోసుకుంటూ ఇంతదూరం నడిచొచ్చారు, ఒక్కరూ ఎక్కడా చెప్పుకోలేదు. వీళ్ళకా తను దయ లేదని మార్కులు వేసింది!

ప్రొఫెసరు గారు పెద్దగా నవ్వారు. "బాగుంది! మరి చేసే చేతులున్నాయి, మనసెందుకు లేదమ్మా? మీ మేడమ్‌ని చూసి నేర్చుకోండి. ఇంట్లో పక్షవాతం వచ్చిన అత్తగారిని ఎంత ఇష్టంగా చూసుకుంటారో!"

"ఇష్టంగా చూసుకోను సర్."

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని రోజలిన్‌కి ఒక క్షణం తెలియలేదు. హాలంతా ఆమెనే చూస్తోంది.

"రోజూ విసుక్కుంటాను. లోపల తిట్టుకుంటాను. అయినా ఆవిడ వీపు మీద ఒక్క పుండు కూడా లేదు సర్. ఆ కాగితం నేను రాసినా నాకు సిరి మార్కులే వస్తాయి."

తర్వాత ఆఫీసు గదిలో ప్రొఫెసరు గారు తలుపు వేసి మరీ కోప్పడ్డారు. సైన్సంటే ఇళ్ళల్లో గొడవలు కాదన్నారు. ఇళ్ళల్లో ముసలివాళ్ళకి చాకిరీ ఎవరు చేస్తున్నారో కూడా అడిగి, అదీ రాద్దామంది రోజలిన్. ఆడపిల్లలకి దయ లేదని రాసే పనైతే తన పేరు తీసెయ్యమంది.

"ప్రమోషను సంగతి ఆలోచించుకున్నావా?"

"ఆలోచించుకునే చెప్తున్నాను సర్."

ఆయన పెన్ను తీసి మొదటి పేజీలో ఆమె పేరు మీద గీత కొట్టి, కాగితాలు సంచిలో పెట్టుకుని కారెక్కారు.

ఇంటికొచ్చాక అత్తగారి మంచం పక్కన స్టూలు మీద కూలబడింది రోజలిన్. ముందుగదిలో స్టీవెన్ టీవీ చూస్తున్నాడు. ఎందుకో దాచాలనిపించలేదు. జరిగిందంతా సువార్తమ్మకి చెప్పేసింది. 'ఇష్టంగా చూసుకోను' అన్న ముక్క కూడా.

"అందరి ముందరా అనేసేవా?" అంది సువార్తమ్మ.

"అనేసేను అత్తయ్యా."

సువార్తమ్మ పైకప్పు వైపు చూసింది. రోజలిన్‌కి భయమేసింది, ముసలి ప్రాణాన్ని నొప్పించానేమోనని.

"మా అత్తకి నేను పన్నెండేళ్ళు సేసేను" అంది సువార్తమ్మ. "ఎంతో ఇష్టంగా సేత్తన్నానని పాస్టరమ్మకి సెప్పేను. దేవుడికీ సెప్పేను. ఆయన నమ్మలేదనుకో." వంకర నోటితో నవ్వింది. "నువ్వు ఇసుక్కుంతావని నాకు తెల్దేటి? నీ సేత తోమించుకోడం నాకు మాత్రం ఇష్టమనుకున్నావేటే పిచ్చిదానా?"

రోజలిన్ స్టూలు దగ్గరికి జరుపుకుంది. ఇన్నాళ్ళూ తను ఎత్తి దించిన ఆ ఒంట్లో ఇంత పెద్ద మనిషి ఉందని ఆమెకి తెలియలేదు.

సువార్తమ్మ తల గుమ్మం వైపు తిప్పి, ఉన్న బలమంతా కూడదీసుకుని కేకేసింది. "ఒరే స్టీవెనూ! ఇలా రా. పక్క తడిసింది."

స్టీవెన్ వచ్చి గుమ్మంలో ఆగాడు. "రోజీ..." అన్నాడు.

"దాన్ని కాదు, నిన్ను పిలిసేను. దుప్పటి మార్సు."

అతను మంచం దగ్గరికొచ్చాడు. తల్లి మీదికి వంగాడు గానీ, చేతులు ఎక్కడ వెయ్యాలో తెలియక గాల్లోనే ఆపేశాడు.

"ఒక చెయ్యి భుజం కింద, ఒక చెయ్యి నడుం కింద" అంది రోజలిన్, స్టూలు మీంచి లేవకుండా.