దొరగారి ఇంజిను తోముడు

మొగుడు చీర తెస్తాడని, గాజులు తెస్తాడని ఎదురుచూసే ఆడవాళ్లను చూశాను. నా మొగుడు కుర్మయ్య మాత్రం బతుకమ్మ పండుగ ముందు గోనెసంచిలో దొర కారు ఇంజిను మోసుకొచ్చి, వంటింట్లో నా పొయ్యి పక్కన కుమ్మరించాడు.

మూతలు, వంకర గొట్టాలు, పళ్ల చక్రాలు, పేరు తెలియని ఇనుప ముద్దలు. అన్నిటికీ వేలు మందాన నల్లటి జిడ్డు. ఆ జిడ్డులో దుమ్ము, చచ్చిన ఈగలు, ఎండిపోయిన ఒక బల్లి తోక. నాకు అప్పుడు వేవిళ్లు. అన్నం ఉడికే వాసనకే కడుపులో తిప్పే రోజుల్లో కాలిన నూనె కంపు ముక్కుకు కొట్టేసరికి పెరట్లోకి పరుగెత్తి, పొద్దున తిన్నదంతా కక్కి వచ్చాను.

"గిదేంది?" అన్నాను మూతి తుడుచుకుంటూ.

"ఇంజిను. దసరా పూజల పెడ్తరట. అద్దం లెక్క మెరవాలన్నడు దొర."

ఆ కారు కదిలి చాలా కాలమైంది. యుద్ధం వచ్చాక పెట్రోలు కరువైంది, పట్నం నుంచి వచ్చిన డ్రైవరు తన దారి తాను చూసుకున్నాడు, బండి దొర ఉండే కోటలాంటి ఇల్లు, ఆ గడి కొట్టంలో కోళ్ల పాలైంది. అయితే దొర ఈ మధ్య పట్నంలో ఎవరో నవాబు ఇంటికి విందుకు పోయాడట. ఆ నవాబు తన కారు మూత ఎత్తి చూపిస్తే ఇంజినులో ముఖం కనిపించిందట. అప్పటి నుంచి మా దొరకు తిన్న తిండి వంటబట్టలేదు. బండి నడవకపోయినా ఫర్వాలేదు, ముఖం కనబడాలి.

"గడిల ఇంతమంది పనోళ్లు ఉండంగ నా వంటింట్లనే ఎందుకు?" అని అడిగాను.

కుర్మయ్య నా పక్కన గొంతుక్కూర్చుని గొంతు తగ్గించాడు. "మంచిగ మెరిస్తే నన్ను ఇడిచిపెడ్తనన్నడు, అనంతా. పట్నం పొమ్మన్నడు."

ఆ మాటకు నేను కొంగు నడుముకు దోపుకున్నాను. నేను అత్తాపూర్ పిల్లను. మా అమ్మ కూరగాయల గంప నెత్తిన పెట్టుకుని పట్నం పోయి అమ్ముకొస్తుంది. ఎవరి గడప ముందూ వంగి నిలబడదు. శంషాబాద్ అవతల ఈ ఊరికి నన్ను ఇస్తున్నప్పుడు కుర్మయ్య మా అమ్మకు చెప్పిన మాట ఒకటే: డ్రైవరు దగ్గర మరలు విప్పడం, బిగించడం నేర్చాను, పట్నంలో బస్సుల దగ్గర పనికి రమ్మంటున్నారు, కిరాయి ఇల్లు చూసుకుని ఉంటాం అని. తాళి కట్టాక తెలిసింది, గడిలో వెట్టి చేసేవాడు దొర మాట లేనిదే పొలిమేర దాటకూడదని. దాటితే ఇంట్లో మిగిలినవాళ్ల వీపులు చిట్లుతాయి. ఇంట్లో మిగిలేది మా అత్త జంగమ్మ.

ఆ ఊళ్లో ఇంకో దిక్కుమాలిన పద్ధతి ఉంది. గడికి ఒకసారి చేసిన పని ఆ ఇంటి వంతై కూర్చుంటుంది. మా పక్కింటి చెన్నయ్య వాళ్ల తాత ఎప్పుడో ఒకనాడు దొర గుర్రానికి ఈగలు తోలాడట. గుర్రం చచ్చి మట్టిలో కలిసింది. చెన్నయ్య ఇప్పటికీ పొద్దున్నే ఖాళీ కొట్టం ముందు గుడ్డ పట్టుకుని నిలబడి వస్తాడు. మా అత్తగారి అత్త ఒక పెళ్లికి గడి దీపపు సెమ్మెలు తోమింది. ఆనాటి నుంచి గడిలో ప్రతి ఇత్తడి వస్తువూ ఈ ఇంటి ఆడవాళ్ల చేతి కింద అరుగుతోంది. మా అత్త వేళ్లకు గీతలు కూడా మిగల్లేదు.

అందుకే ఆమెతో మెల్లగా అన్నాను. "అత్తా, జర మసకగ ఉంచుదం. మరీ మెరిస్తే ఇది గూడ మన వంతైతది."

"మసకగుంటే కొడుకును పంపడు," అంది అత్త. మళ్లీ తనే, "మసకగ తోముడు నాకు రాదు పిల్లా," అంది. ఆ రెండో మాటే నిజం. ఆమె చేతికి వస్తువు ఇస్తే మెరవక చావదు.

ఇగ మొదలైంది. గడి నుంచి వచ్చిన సీసాడు కిరసనాయిలుతో జిడ్డు వదిలించాలి. వదలదు. పుల్లతో గీకితే ఊడొస్తుంది, ఊడి గోళ్ల సందుల్లో దూరుతుంది. రాగి గొట్టాలకు చింతపండు, ఇటుక పొడి. ఇనుముకు ఇసుక, కొబ్బరి పీచు. పైన పెద్ద మూత ఒకటి సత్తుది. అత్త అలవాటు కొద్దీ దానికి బూడిద తడిపి పట్టించి ఎండలో పెట్టింది. తీసి చూస్తే పొయ్యి మీది కుండ అడుగులా నల్లబడి ఉంది. ఇత్తడితో బతికిన మనిషి, సత్తుకు బూడిద పడదని ఆమెకెవరు చెప్పారు? కుర్మయ్య తల పట్టుకున్నాడు. ఆ నలుపు పోయేదాకా మెత్తటి ఇటుక పొడితో, పాత చీర పేలికతో మేమిద్దరం వంతులేసుకుని రుద్దాం. నా భుజం పడిపోయింది.

చింతపండు చారులోకి లేదు, ఇంజినుకు ఉంది. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే గ్రీజు. నీళ్లు తాగితే కిరసనాయిలు. తల దువ్వుకుంటే జుట్టుకు అదే కంపు. పడుకుంటే నా చేతులు నా దగ్గరికే రానిచ్చేదాన్ని కాదు. కొత్త పెళ్లికూతురు మొదటి బతుకమ్మకు తల్లిగారింటికి పోవాలి, నేను పోలేదు. వాకిట్లో ఆడవాళ్లు తంగేడు పూలు తెచ్చి "రా అనంతమ్మా, పేర్చుదువు" అంటే నా వేళ్లు చూపించాను. వాళ్లు పూలు పక్కకు జరుపుకున్నారు. ఆ జరుపుకోవడం నాకిప్పటికీ అసహ్యమే. వాళ్ల మీద కాదు, ఆ ఇంజిను మీద.

కుర్మయ్య మాత్రం మురిసిపోయేవాడు. ఒక్కొక్క ముక్క ఎత్తి, ఎండకు తిప్పి చూసి, "గిది చూడు, గిది చూడు" అని నా ముఖం ముందు పెట్టేవాడు. పాపం, పట్నం కనబడుతోంది కాబోలు అనుకున్నాను.

ఆయుధపూజ నాడు ముక్కలన్నీ మళ్లీ బిగించి, కారు మూత ఎత్తి, పసుపు కుంకుమలు పెట్టి, పక్కన కత్తులు, తుపాకులు పేర్చారు. మేం ముగ్గురం గోడ పక్కన నిలబడ్డాం. దొర వచ్చి వంగాడు. సత్తు మూతలో ముఖం చూసుకున్నాడు. నోరు తెరిచి, పాన్‌తో గారపట్టిన పళ్ల సందున ఇరుక్కున్న మాంసం పీచును గోటితో లాగి, మళ్లీ చూసుకున్నాడు. ఆ గోటినే మా అత్త అరచేతులు అరిగేలా రుద్దిన మూతకు తుడిచాడు.

"ఎవరు తోమిన్రురా?"

"మా అమ్మ, మా ఇంటిది, దొరా."

దొర నన్ను చూశాడు. ముఖం కాదు, కడుపు. "నీళ్లోసుకున్నదా? మంచిదే. ఆడపిల్ల పుడితే ఇంకా మంచిది. చిన్న చేతులు గొట్టాలల్లకు పోతయి. ఇగ ఏటేటా దసరాకు ఇది మీ ఇంటి వంతు."

ఇంకా ముక్కూ ముఖమూ రాని బిడ్డకు పని పడింది. నేను కుర్మయ్య మోచేతిని పొడిచాను.

"దొరా... పట్నం సంగతి..." అన్నాడు వాడు, తన కాళ్లకేసి చూస్తూ.

"నువ్వు పోతే గివన్ని ఎవడు ఇప్పుతడు, ఎవడు బిగిస్తడు?" అని దొర నవ్వి, వాడి భుజం తట్టి లోపలికి పోయాడు.

"నీ బాంచెన్ దొరా," అన్నాడు నా మొగుడు.

తిరిగి వస్తుంటే ఏడుస్తాడనుకున్నాను, తిడతాడనుకున్నాను. కనీసం మౌనంగా ఉంటాడనుకున్నాను. "దొర నా భుజం మీద చెయ్యేసిండు, చూసినవా?" అన్నాడు. ముఖం వెలిగిపోతోంది. ఇన్నాళ్లూ నాకు కంపు కొట్టింది గ్రీజు. ఆ క్షణం నుంచి మనిషి కంపు కొట్టడం మొదలైంది.

ఏడో నెలలో మా అమ్మ ఈరమ్మ ఎడ్లబండి కట్టించుకుని వచ్చింది. తొలి కాన్పుకు తల్లిగారింటికి పోయే ఆడదాన్ని గడి కూడా ఆపదు. అదొక్కటే వాళ్లు మాకు మిగిల్చిన దారి. మా అత్త నా ఒడిలో బియ్యం పోస్తూ, కొడుక్కు వినబడకుండా, "ఆడపిల్లైతే గిటు తోలుకరాకు," అంది.

"మగపిల్లడైతే?" అన్నాను.

"వాణ్ని గూడ." అరిగిపోయిన ఆ వేళ్లతో నా చెంప తడిమింది. "నా సంగతి నేను చూసుకుంట. ముసలిదాన్ని కొట్టి ఏం చేస్తరు."

కుర్మయ్య దొర సెలవు తీసుకుని, బండి వెంట నడిచి గగన్‌పహాడ్ దాకా వచ్చాడు. రాళ్ల గుట్ట పక్కన బండి ఆపించి దిగాను. ఏం చెప్పాలో ఇంటి దగ్గరే అనుకుని వచ్చాను.

"నేను మల్ల గా ఊరికి రాను. నా బిడ్డను రానియ్య. నువ్వు అత్తాపూర్‌కు రా, అక్కడ్నుంచి పట్నం నడిచిపోవచ్చు. పని దొరికినంక మీ అమ్మను గూడ పిలిపిచ్చుకుందం. వస్తవా?"

వాడు ఎద్దు మూపురం నిమిరాడు. రోడ్డు ఇటు చూశాడు, అటు చూశాడు. వస్తానంటాడేమోనని నా ప్రాణం లేచి కూర్చుంది. రానన్నా సరే, ఏడ్చి రానంటే క్షమించేదాన్ని.

"మరి దసరాకు ఎవరు తోముతరు?" అన్నాడు.

నేను బండెక్కి, బండి తోలించమని మా అమ్మకు చెప్పాను.