రంగు రాని పటం

మేడ్చల్ బస్టాండు వెనక సందులో మహేందర్‌కు టీవీలు బాగుచేసే దుకాణం ఉంది. పదిహేనేళ్లుగా అదే పని. బాగున్న పార్టు పోయిందని చెప్పి కొత్తది అంటగట్టే రకం కాదని చుట్టుపక్కల పేరు. ఆ పేరు మీదే శామీర్‌పేట నుంచి, కీసర నుంచి కూడా జనం టీవీలు మోసుకొచ్చేవాళ్లు. అలాంటి మనిషి ఒక టీవీ గురించి ఒకే ఒక్కసారి అబద్ధమాడాడు. అదీ సొంత ఊళ్లో, కన్నతండ్రి ముందు, పట్టపగలు.

అది 2005 వేసవి. మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే దారిలో, రోడ్డుకు కాస్త లోపలగా పిట్టలకుంట ఉంది. దాని ఒడ్డునున్న నలభై ఇళ్లలో చేపలు పట్టి బతికేవాళ్లే ఎక్కువ. మహేందర్ తండ్రి నర్సయ్య వాళ్ల సంఘానికి పెద్ద. ఆ ఏడు ఎవరో కుంటకు తూర్పున వెంచరు వేసి, మొరం రోడ్లు పోసి, తెల్లరాళ్లు పాతడం మొదలుపెట్టారు. వారానికో వరుస చొప్పున రాళ్లు కుంటలోకి దిగుతున్నాయి. సంఘం వాళ్లు పోయి అడిగితే, "నీళ్లెక్కడున్నయో సూపియ్యుండ్రి" అన్నారు. రెండేళ్లుగా సరైన వాన లేదు. నీళ్లు నిజంగానే కుంట నడిమధ్యకు పోయి ముడుచుకున్నాయి.

ఆ సమయంలోనే హరిచందన వచ్చింది. కండ్లకోయ దగ్గర ఇంజనీరింగు కాలేజీలో సివిల్ చివరి సంవత్సరం చదువుతోంది. ఆమె తండ్రి యజ్ఞనారాయణ కాకినాడ వైపు నుంచి ఉద్యోగం మీద వచ్చి మేడ్చల్ కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్నాడు. కాలేజీ ప్రాజెక్టుకు ఆ పిల్ల పిట్టలకుంటను ఎంచుకుంది. రెండు నెలలు ఎండలో టేపు పట్టుకుని తిరిగింది. సర్వే ఆఫీసులో కుంట పాత పటానికి నకలు తీయించి, కంప్యూటర్లోకి ఎక్కించి, దాని మీద రెండు గీతలు గీసింది. కుంట నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ఆ హద్దు నీలిగీత. వెంచరు వాళ్లు రాళ్లు పాతిన చోటు ఎర్రగీత. ఎర్రగీత నీలిగీతను దాటి లోపలికి ఎంత వచ్చిందో చూస్తే చిన్నపిల్లలకైనా అర్థమవుతుంది.

ఆ పటం జతచేసి ఎమ్మార్వో ఆఫీసులో అర్జీ ఇవ్వాలని సంఘం అనుకుంది. కానీ హరిచందన ఒక పట్టు పట్టింది.

"ముందు అందరూ పటం చూడాలండీ. దేని మీద వేలిముద్ర వేస్తున్నారో తెలియకుండా వేయడం బాగుండదు."

కాగితం మీద అచ్చు తీస్తే పటం అరచేతిలో పట్టేంత వచ్చింది. కంప్యూటర్ తెర ముందు నలుగురు కూర్చుంటే ఐదోవాడికి కనిపించదు. సంఘం రేకుల షెడ్డులో మాత్రం ఇరవై తొమ్మిది అంగుళాల టీవీ ఉంది. కంప్యూటర్ను దానికి కలిపితే సరిపోతుంది కదా అని ఆమే అంది. కలపడం తన వల్ల కాదని కూడా ఒప్పుకుంది. అలా మహేందర్‌కు కబురొచ్చింది.

ఆదివారం పొద్దున పదింటికి కంప్యూటర్ను దుప్పట్లో చుట్టి ట్రాలీ ఆటోలో తెచ్చారు. ఎండ పడకుండా కిటికీలకు గోనెసంచులు కట్టారు. నలభై ఇళ్ల నుంచీ మనుషులొచ్చి కింద కూర్చున్నారు. మహేందర్ కంప్యూటర్ వెనక్కి వంగి చూశాడు. మానిటర్ తీగ పక్కన టీవీకి పోయే పసుపుపచ్చ రంధ్రం ఒకటుంది. వీసీడీ ప్లేయర్‌కు వాడే తీగే దానికీ పట్టింది. రెండో కొస టీవీలో పెట్టి రిమోట్ నొక్కాడు. నీలి తెర తప్ప ఏమీ లేదు.

"తీగ పోయిందేమోనండీ?" అంది హరిచందన.

"తీగ మంచిదే మేడం. నిన్ననే వాడిన." ఒక్క నిమిషం ఆలోచించాడు. "మీ కంప్యూటర్‌కు టీవీ ఉన్నదన్న సంగతి ఎట్ల తెలుస్తది? ముందుగాల టీవీ పెట్టి, తర్వాత కంప్యూటర్ చాలు చేసి సూద్దాం."

కంప్యూటర్ను ఆపి, టీవీని ఆన్‌లో ఉంచి, మళ్లీ మొదలుపెట్టారు. టీవీ తెర ఒకసారి మిణుకుమంది. బొమ్మ కింది నుంచి పైకి రెండు పొర్లు పొర్లి నిలబడింది. షెడ్డులో ఈలలు వేశారు. హరిచందన పటం తెరిచింది.

టీవీలో పటం పెద్దగానే వచ్చింది. కానీ రంగు లేదు. నీలిగీతా ఎర్రగీతా రెండూ ఒకటే బూడిదరంగులో, ఒకదాన్నొకటి కోసుకుంటూ, తాడు చిక్కుపడ్డట్టు కనిపించాయి.

మహేందర్‌కు రోగం చూడగానే తెలిసింది. వీసీడీ ప్లేయర్ల రిమోట్ మీద ఒక బటన్ ఉంటుంది. పిల్లలు పొరపాటున దాన్ని నొక్కితే ప్లేయర్ అమెరికా పద్ధతిలో బొమ్మ పంపుతుంది. మన టీవీలు ఆ పద్ధతిలో రంగు పట్టుకోలేవు. నెలకు పదిమందైనా ఇదే ఫిర్యాదుతో దుకాణానికొస్తారు. మళ్లీ బటన్ నొక్కి పంపేస్తాడు. కంప్యూటర్లో కూడా ఆ మార్పు ఎక్కడో ఉండే ఉంటుంది. వెతుకుదామని చిన్న మానిటర్ మీదికి వంగాడు.

మానిటర్లో రంగులు నిక్షేపంగా ఉన్నాయి. నీలిగీత తూర్పున వెంచరు రోడ్లను చుట్టి, దక్షిణానికి తిరిగి, బడి పక్క నుంచి పైకి వస్తోంది. బడి గుర్తుపట్టాడు. దాని పక్కన కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ గుర్తుపట్టాడు. అక్కడి నుంచి కుంట వైపు పదకొండు చిన్న గళ్లున్నాయి. చివరి నుంచి మూడో గడి తను పుట్టిన ఇల్లు. పదకొండు గళ్లూ నీలిగీతకు లోపలే ఉన్నాయి.

అతని చేయి మౌస్ మీద ఆగిపోయింది.

ఆ పిల్లకు ఎవరి ఇల్లు ఏదో తెలియదు. కొలిచింది, గీసింది, అంతే. వెనక కూర్చున్నవాళ్లకు బూడిద గీతలు తప్ప కనిపించడం లేదు. రంగు రాకపోతే ఎవరో ఒకరు లేచి, అర్థమైందిలే, వేలిముద్రలు వేద్దాం పట్టండి అంటారు. అయినా అర్జీతో పటం పోతుంది. ఆఫీసులో అది చూసినవాడు తూర్పు వైపే చూస్తాడా? చూడకపోవచ్చు. కానీ ఇక్కడ, ఇవాళ, ఈ పదకొండు ఇళ్లవాళ్ల ముందు ఆ సంగతి బయటపెట్టే మనిషి తనే ఎందుకు కావాలి?

"ఏందిరా మహేందర్, కంప్యూటర్ ఖరాబా, టీవీ ఖరాబా?" అని నర్సయ్య వెనక నుంచి అడిగాడు.

"టీవీ పాతదైంది నాయినా," అన్నాడు మహేందర్. "కలర్ పోయినట్టుంది."

మాట నోట్లోంచి అంత సులువుగా ఎలా వచ్చిందో అతనికే తెలియలేదు. ముందు వరుసలో కూర్చున్న సత్తమ్మ నిట్టూర్చి, కొంగు దులుపుకుని లేవబోయింది. ఇంకో నలుగురు కూడా లేచారు. హరిచందన మాత్రం నుదురు ముడిచి, ఒక్క నిమిషం ఉండండి అంటూ రిమోట్ తీసుకుంది. ఆమెకు అనుమానం లేదు. ఏది చెడిందో ఒక్కొక్కటిగా తేల్చుకోవడం ఆమె అలవాటు. కంప్యూటర్ నుంచి తప్పించి కేబుల్ ఛానల్ పెట్టింది.

ఎవరో వంటావిడ టమాటా పచ్చడి కలుపుతోంది. టమాటాలు ఎర్రగా ఉన్నాయి. కొత్తిమీర పచ్చగా ఉంది. ఆవిడ పసుపుపచ్చ చీరకు జరీ అంచు కూడా మెరుస్తోంది.

నర్సయ్య కొడుకు వైపు చూశాడు. కోపంగా కాదు, ఊరికే చూశాడు. మహేందర్ తలదించుకున్నాడు. పదిహేనేళ్లలో ఎవరి ముందూ అలా తలదించుకున్నది లేదు.

"ఇంకొకటి సూస్త మేడం," అని మౌస్ అందుకున్నాడు. సెట్టింగుల్లో రెండు మూడు కిటికీలు తెరిచి మూస్తే ఆ జాబితా దొరికింది. దేశాల పేర్లు వరసగా ఉన్నాయి. అమెరికా మీద టిక్కు ఉంది. ఇండియాకు మార్చాడు. తెర ఒక్క క్షణం నల్లబడింది. తర్వాత నీలిగీత నీలంగా, ఎర్రగీత ఎర్రగా టీవీ నిండా పరుచుకున్నాయి.

జనం ఒక్కసారిగా ముందుకు జరిగారు. "అగో, ఆళ్ల రాళ్లు ఎంత లోపలికొచ్చినయో సూడు!" అని సత్తమ్మ లేచి తెర మీద చేయి పెట్టింది. హరిచందన ఒక పొడవాటి పుల్లతో హద్దులు చూపిస్తూ పోయింది. ఆమె బడి దగ్గరికి రాగానే నర్సయ్య ఆపాడు.

"బిడ్డా, గా గళ్లేంది?"

"ఇళ్లండీ. ట్రాన్స్‌ఫార్మర్ కింది వరుస."

"గవి గీతకు లోపల్నా, బయటనా?"

హరిచందన పుల్ల దించి అతని ముఖంలోకి చూసింది. అవి వీళ్ల ఇళ్లేనని అప్పటికి గానీ ఆమెకు తట్టలేదు. "లోపలేనండీ," అంది మెల్లగా.

అరుపులు మొదలయ్యాయి. కింది వరుసలో ఇల్లున్న గండయ్య అందరికంటే ముందు లేచాడు. "గా పదకొండు గళ్లు తుడిచెయ్యి బిడ్డా. మనం ఆళ్ల మీద దరఖాస్తు ఇస్తున్నం గానీ మన మీద గాదు గదా."

"తుడవొచ్చండీ. ఒక్క నిమిషం పని," అంది ఆమె. "కానీ రేపు వాళ్లొచ్చి ఎర్రగీత తుడవమంటే, నేను వాళ్లకేం చెప్పాలి?"

అందరూ నర్సయ్య వైపు తిరిగారు.

"ఇల్లు కట్టేటప్పుడు పునాది తవ్వితే గంపెడు నత్తగుల్లలు ఎల్లినయ్," అన్నాడు ఆయన. "కరువు ఏడు. కుంట ఎండిపోయి జాగ ఉత్తగున్నది. కట్టుకున్న. నీళ్ల జాగ అని నాకు గప్పుడే ఎరుక. ఇయ్యాల గీ టీవీ చెప్పేదేంది కొత్తగ? పటం ఎట్లున్నదో గట్లనే ఇయ్యిరి. మేం జరుగుతం, ఆళ్లను గూడ జరగమనుండ్రి."

మొదటి వేలిముద్ర ఆయనదే. గండయ్య వేయకుండా వెళ్లిపోయాడు.

అర్జీ ఆఫీసులో కదలడానికి ఎనిమిది నెలలు పట్టింది. సర్వే వాళ్లు వచ్చి హద్దురాళ్లు పాతారు. వెంచరు వాళ్లు మూడు వరుసల ప్లాట్లు వదులుకుని వెనక్కి పోయారు. పదకొండు ఇళ్లకూ నోటీసులొచ్చాయి. నర్సయ్య ఇంకో ఏడాది ఆఫీసుల చుట్టూ తిరిగి, బడికి ఎగువన ఆ పదకొండు కుటుంబాలకూ ఇంటి పట్టాలు సాధించాడు. గండయ్యకు కూడా వచ్చింది. అయినా అతను చాలాకాలం నర్సయ్యతో మాట్లాడలేదు. అది తప్పని కూడా ఎవరూ అనలేదు.

పాత ఇల్లు విప్పేరోజు మహేందర్ దుకాణం మూసి వచ్చాడు. తను పైకప్పు మీద కూర్చుని పెంకులు ఒక్కొక్కటే తీసి అందిస్తుంటే తండ్రి కింద నిలబడి అందుకుంటున్నాడు. తల్లి శివమ్మ కొత్త జాగాలో అప్పుడే పొయ్యి పెట్టి వంట మొదలుపెట్టింది. సగం కప్పు అయ్యాక మహేందర్ చేయి ఆపాడు.

"నాయినా. గా దినం టీవీల కలర్ పోయిందని అన్న గద..."

"ఎరుకనేరా."

"ఎరుకుంటే మరి అడగకపోతివి?"

"మల్ల నువ్వే కూసొని రంగు తెస్తివి. ఇగ నేను అడగనీకె ఏమున్నది?" నర్సయ్య రెండు చేతులూ పైకి చాచాడు. "పట్టు, జల్దీ ఇయ్యి. అన్నం సల్లారుతాందని మీ అమ్మ రెండుమాట్ల పిలిచింది."